షుగర్ ఉన్నవాళ్ల ఎముకల మాట

శ్రోతలందరికీ నమస్కారం.

షుగర్ అనగానే కళ్లు, కిడ్నీలు, గుండె, పాదాలు గుర్తొస్తాయి. ఎముకల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. బాత్‌రూమ్‌లో కాలు జారి, తుంటి విరిగి ఆస్పత్రిలో చేరాక గానీ ఆ మాట రాదు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. ఇంతమందికి సంబంధించిన విషయం కనుక ముందే మాట్లాడుకోవాలి.

ఎముకలో రాత్రింబవళ్లు పని జరుగుతూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను కరిగిస్తాయి. ఆ ఖాళీలో ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను కడతాయి. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. షుగర్ ముఖ్యంగా దెబ్బతీసేది ఈ కట్టే కణాలనే.

వాటికి ఇన్సులిన్ కావాలి. అందుకే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగర్ చిన్నతనంలో వచ్చిన పిల్లల్లో, ఎముక గట్టిపడాల్సిన వయసులోనే ఆ పని మందగిస్తుంది. మనలో ఎక్కువమందికి ఉండే టైప్ 2లో దెబ్బ వేరేగా తగులుతుంది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే, మజ్జలో ఎముక కణాలుగా ఎదగాల్సిన మూలకణాలు కొవ్వు కణాలవైపు మళ్లుతాయి. ఎముక కట్టడాన్ని అణచిపెట్టే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ కూడా పెరుగుతుంది. దాంతో పాత ఎముక సన్నని పగుళ్లతో సహా అలాగే ఉండిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఏం చూస్తుంది? ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు చక్కెర ఎంత అంటుకుందో చూస్తుంది. ఎముకలో ఖనిజాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులకూ చక్కెర అలాగే అంటుకుంటుంది. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులే. కొల్లాజెన్ ఏళ్ల తరబడి ఉంటుంది. దాని పోగుల మధ్య ఉండకూడని ముడులు పడి, సాగే గుణం తగ్గిపోతుంది. పచ్చికొమ్మ వంగుతుంది, ఎండుకొమ్మ పుటుక్కున విరుగుతుంది. షుగర్ ముదిరిన ఎముకకు అదే జరుగుతుంది.

తిరకాసంతా ఇక్కడే. ఎముకల బలం చూడటానికి తీసే డెక్సా స్కాన్ కొలిచేది ఖనిజ సాంద్రతను, అంటే ఎముకలో ఖనిజం ఎంత ఉందో; కొల్లాజెన్ సంగతి అందులో తెలియదు. టైప్ 2లో అది మామూలుగానే, ఒక్కోసారి ఎక్కువగా కూడా కనిపిస్తుంది. అయినా షుగర్ లేనివాళ్లకంటే వీళ్లకే తుంటి విరిగే ముప్పు ఎక్కువ. కాబట్టి రిపోర్టు బాగుందని ధీమాగా ఉండిపోకండి.

ఎముక పెళుసుబారడం ఒక ఎత్తు, పడిపోవడం ఒక ఎత్తు. అరికాళ్లకు స్పర్శ తెలియదు, చూపు ఆనదు, రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేవాలి, దానికి తోడు లో షుగర్ వస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే డెబ్బై దాటిన వాళ్లకు చక్కెర మరీ కిందికి దించాలని పట్టుబట్టకూడదు. రాత్రంతా చిన్న దీపం ఉంచండి, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించండి. ఖరీదైన మందుల కంటే ముందు చేయాల్సినవి ఇవి.

మందుల చీటీ కూడా ఒకసారి చూసుకోండి. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర మన దగ్గర విరివిగా వాడతారు. అది వాడే ఆడవాళ్లలో ఎముకలు విరగడం ఎక్కువని తేలింది. సొంతంగా మానేయకండి. నెలసరి ఆగిపోయినవాళ్లు, ఇదివరకు ఎముక విరిగినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, మార్చాలో వద్దో ఆయన చూస్తారు.

కాల్షియం అనగానే రాగి జావ అంటారు. రాగుల్లో కాల్షియం బాగా ఉన్న మాట నిజమే, కానీ పలుచగా కాచిన జావ చక్కెరను త్వరగా పెంచుతుంది. పప్పు, ఆకుకూరతో రాగి రొట్టె తినడం మేలు. పాలు, పెరుగు, నువ్వులు ఉండనే ఉన్నాయి. విటమిన్ డి తక్కువుందేమో డాక్టరును అడిగి తెలుసుకోండి.

వెన్నుపూస చాలాసార్లు నొప్పి లేకుండానే కుంగుతుంది. వయసులో ఉన్నప్పటి ఎత్తుకంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, వీపు వంగుతున్నట్టు ఇంట్లోవాళ్లు గమనించినా వెన్నెముక ఎక్స్‌రే గురించి అడగండి. ఈసారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు బరువుతోపాటు ఎత్తు కూడా కొలిపించుకుని, చీటీ మీద రాయించుకోండి.

నమస్కారం.