డెబ్బై దాటిన మాస్టారి కంకు దాయ్: ఆపి ఆపి చూడాల్సిన కటా

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద మీరు చూస్తున్నది మా విజయనగరంలో మొన్న జరిగిన కరాటే బెల్ట్ టెస్ట్. పిల్లల పరీక్షలైపోయి, అమ్మానాన్నలు బ్యాగులు సర్దుకుంటుంటే మాస్టారు లేచి ఒక కటా చేశారు. డెబ్బై దాటిన మనిషి. "వీడియో పెట్టుకో గానీ నా పేరు వద్దురా" అన్నారు. అందుకని ఆయన మనకి మాస్టారే.

కటా అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. ఎదురుగా మనిషి లేకుండా పంచ్‌లు, కిక్‌లు, బ్లాక్‌లు ఒక వరుసలో చేసుకుపోయే సాధన. ఇది షోటోకాన్ అనే కరాటే శైలిలో పెద్ద కటా, కంకు దాయ్. మొత్తం 65 కదలికలు.

మొదటి కదలిక దగ్గరే ఆపుతున్నాను. రెండు చేతుల వేళ్లూ కలిపి త్రికోణంలా పట్టి తల మీదికి ఎత్తాలి, ఆ సందులోంచి ఆకాశం చూడాలి. మన కుర్రాళ్లు చేతులు ఎత్తేస్తారు, కళ్లు మాత్రం జడ్జీల మీదే ఉంటాయి. మాస్టారి చూపు చేతుల వెంటే పైకి వెళ్లింది. భుజాలు లేవలేదు. పొట్ట దగ్గర బెల్టు కాస్త బిగిసింది, అంతే, ఊపిరి తీసుకున్నారని దాన్ని బట్టే తెలుస్తుంది. తర్వాత చేతులు విడిపోయి గుండ్రంగా కిందికి దిగి, కుడిచెయ్యి అంచు ఎడమ అరచేతిలో పడింది.

ఇప్పుడు స్పీడు బాగా తగ్గించాను. మీరు చేతులు చూడకండి, బెల్టు ముడి చూడండి. నల్లరంగు పోయి దారాలు తేలిన బెల్టు. పక్కకి తిరిగే ప్రతిసారీ ముందు కళ్లు వెళ్తున్నాయి, తర్వాత ఆ ముడి తిరుగుతోంది, ఆఖర్న చెయ్యి వస్తోంది. చెయ్యి తొందరపడిన చోటు ఒక్కటి కూడా నాకు దొరకలేదు. వెతికాను మరి, రివ్యూ అన్నాక వెతకాలి కదా. అడుగులు వేసేటప్పుడు తల చూడండి. నెత్తిన నీళ్లబిందె పెట్టుకుని గట్టు మీద నడిచొచ్చే ఆవిడలాగా, ఎత్తు మారదు.

మన వైపు జనానికి కరాటే డెమో అంటే పెంకులు పగలాలి, చేతుల మీంచి బైకులు పోవాలి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారి బలం గురించి వింటూ పెరిగినవాళ్లం, ఆ మోజు పోదు లెండి. అందుకే మొదట్లో హాల్లో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. మధ్యలో నేలకి బాగా వంగి రెండు అరచేతులూ కింద ఆనించే చోటు వచ్చేసరికి ఒకావిడ "జాగ్రత్త మాస్టారూ!" అనేశారు, ఆడియోలో వినిపిస్తుంది. ఆయన లేచిన తీరు చూశాక ఆవిడే ముందు చప్పట్లు కొట్టారు.

ఇక గొడవంతా ఆఖర్న. అక్కడ గాల్లోకి ఎగిరి రెండు కిక్‌లు కొట్టాలి. మాస్టారు ఎగరలేదు. నేల మీదే ఒకదాని వెంట ఒకటి కొట్టారు. క్లిప్ చూసిన ఒక తమ్ముడు "కటా తప్పు కదన్నా" అని మెసేజ్ పెట్టాడు. పోటీ అయితే తప్పే తమ్ముడూ, మార్కులు పోతాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో టెక్నిక్‌కి 70 శాతం, వేగం, బలం, బ్యాలెన్స్ మూడిటికీ కలిపి 30 శాతం మార్కులు వేశారు. మగవాళ్లలో గోల్డ్ కొట్టిన కియునా రియో కటా చూస్తే ఆ 30 శాతం అంటే ఏంటో అర్థమవుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. డెబ్బై ఏళ్ల మోకాళ్లని ఆ లెక్కలో చూడటం నాకు సరిగ్గా అనిపించదు. ఒకినావా నుంచి వచ్చి 1922లో టోక్యోలో కరాటే చూపించేనాటికి షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునకోషికి కూడా యాభై దాటాయి.

పైగా ఆ రెండో కిక్ మళ్లీ చూడండి. నడుము ఎత్తు దాటలేదు, నిజమే. కానీ కొట్టిన కాలు ఎంత త్వరగా వెనక్కి మడిచారో! ఎదుటివాడు పాదం పట్టుకుందామన్నా అందదు. మన కుర్రాళ్లు తలెత్తు కిక్ కొట్టి, ఫొటో కోసం కాలు అలాగే గాల్లో ఉంచేస్తారు. ఈ రెండిట్లో ఏది నేర్చుకుంటావంటే నేనైతే మాస్టారిదే అంటాను.

లోపం చెప్పమంటే ఒకటుంది. ఈ కటా మొదలుపెట్టిన చోటే పూర్తవ్వాలి. కింద బ్యాడ్మింటన్ గీత చూడండి, మాస్టారు దానికి జానెడు ముందు ఆగారు. వంగి నమస్కారం పెట్టాక కాళ్ల వైపు చూసుకుని, "జానెడు తేడా వచ్చిందిరా" అని ఆయనే నవ్వేశారు.

కెమెరా ఎదురుగా పెట్టడంతో నడుము తిరిగే తీరు కొన్నిచోట్ల సరిగ్గా పడలేదు. పక్కనుంచి మా ఫ్రెండ్ ఫోన్‌లో తీసింది ఉంది, అది కూడా అప్‌లోడ్ చేస్తున్నాను. గ్రేడింగ్‌కి రెడీ అవుతున్న బ్రౌన్ బెల్ట్‌వాళ్లు ముందు అది చూడండి, సౌండ్ తీసేసి.