విమానం ఎంత దూరం వెళ్తుంది? ఎంతసేపట్లో చేరుతుంది?

[తెర మీద: ప్రపంచ పటం. లండన్, న్యూయార్క్‌లను కలుపుతూ స్కేలుతో గీసిన గీత]

ఈ గీత వెంట ఏ విమానమూ వెళ్లదు. గుండ్రటి భూమిని కాగితం మీద చదునుగా పరిచేసరికి దగ్గరి దారి దూరంగా, దూరపు దారి దగ్గరగా కనిపిస్తుంది.

[తెర మీద: గ్లోబు, దాని మీద దారం]

గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. అది తనంతట తానే ఉత్తరానికి జరుగుతుంది. దీన్నే మహావృత్త మార్గం అంటారు. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు, భూమి వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు తెలిస్తే చాలు, దూరం తేలిపోతుంది. లండన్‌లోని హీత్రూ నుంచి న్యూయార్క్‌లోని కెనెడీ విమానాశ్రయానికి సుమారు 5,540 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో దాదాపు 2,990 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు).

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే ఆరు గంటల పది నిమిషాలు వస్తుంది. ఈ అంకెను మాత్రం నమ్మకండి.

[తెర మీద: పడమటి నుంచి తూర్పుకు కదిలే బాణాలు]

సుమారు పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి తూర్పు దిక్కుగా వీస్తుంటుంది. లండన్ వైపు వచ్చే విమానాన్ని వెనక నుంచి నెడుతుంది, న్యూయార్క్ వెళ్లేదానికి ఎదురు నిలుస్తుంది. అందుకే రానుపోను సమయాల్లో గంట వరకూ తేడా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల సాయంతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఒక దశలో నేల మీది లెక్క ప్రకారం దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ధ్వని వేగాన్ని మించలేదు! చుట్టూ ఉన్న గాలిలో విమానం మామూలుగానే వెళ్తోంది, పరుగెత్తింది గాలే.

నాకు ఇంతకన్నా నచ్చిన ఉదాహరణ 2016 నాటిది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎయిర్ ఇండియా అట్లాంటిక్ మీదుగా కాకుండా తూర్పుకు, గాలి వెంటే, పసిఫిక్ మీదుగా నడిపింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గింది.

గాలి అనుకూలించినా దేశాలు అనుకూలించకపోవచ్చు. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక, తొమ్మిదిన్నర గంటల హెల్సింకి–టోక్యో ప్రయాణం పదమూడు గంటలకు చేరింది.

[తెర మీద: రన్‌వే వైపు కదులుతున్న విమానాల వరుస]

టికెట్ మీది సమయంలో నేల మీద గడిచేది కూడా కలిసే ఉంటుంది. గేటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క.

[తెర మీద: టోక్యో, లాస్ ఏంజెలెస్ గడియారాలు]

చివరి చిక్కు గడియారాలది. వేసవిలో సాయంత్రం 5కి టోక్యోలో బయలుదేరి పది గంటలు ప్రయాణిస్తే, లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు ఉదయం 11 అవుతుంది. టికెట్ చూస్తే బయలుదేరకముందే దిగినట్టు ఉంటుంది. ముందు బయలుదేరే సమయాన్ని చేరే ఊరి గడియారంలోకి మార్చండి: టోక్యో సాయంత్రం 5 అంటే అక్కడ అర్ధరాత్రి దాటాక ఒంటి గంట. ఆ తర్వాతే దాన్ని చేరే సమయంలోంచి తీసివేయండి.