తడబడిన చోట ఐదు అంకెలు

[తెర మీద: "పుస్తకం" అనే మాట. దాని కింద మెల్లగా కదులుతున్న చిన్న వేలు.]

"పు… స…"

వేలు ఆగింది. పక్కనున్న పెద్దవాళ్లు వెంటనే అందుకున్నారు: "పుస్తకం! నిన్ననే చెప్పాను కదమ్మా!"

[వేలు వెనక్కి వెళ్లిపోతుంది.]

ఆ వేలిని చూశారా? చదువంటే జంకు మొదలయ్యేది ఇక్కడే. మనం కోప్పడలేదు, సాయమే చేశాం. కానీ పాపకు అర్థమైంది వేరు: "ఇది నా వల్ల కాదు, అమ్మే చెప్పాలి."

మాటలు వినగా వినగా వచ్చేస్తాయి. చదవడం అలా రాదు. ప్రతి గుర్తుకూ ఒక ధ్వని ఉందని నేర్చుకోవాలి, ఆ ధ్వనులను కలపాలి. పైగా మ, య ఒకేలా కనిపిస్తాయి. వ, ప, ష కూడా అంతే. కూడబలుక్కుంటూ చివరి అక్షరానికి వచ్చేసరికి మొదటిది మనసులోంచి జారిపోతుంది. అది బద్ధకం కాదు, శ్రద్ధ లేకపోవడమూ కాదు. ఆ చిన్న బుర్ర నిజంగా కష్టపడుతోంది.

[మళ్లీ అదే మాట. వేలు "స్త" దగ్గర ఆగింది.]

ఈసారి మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. చాలాసార్లు ఆలోపే మాట వచ్చేస్తుంది. రాకపోతే మొత్తం చెప్పేయకండి. మిగతా అక్షరాలు వేలితో మూసి, "స కింద ఏముంది?" అని అడగండి.

"త… స్త… పు-స్త-కం… పుస్తకం!"

ఇప్పుడు "అబ్బో, ఎంత తెలివో!" అనాలనిపిస్తుంది. దానికంటే "కింద త ఒత్తు ఉందని నువ్వే చూసుకున్నావు" అనండి. రేపు ఇంకో ఒత్తు ఎదురైతే ఏం చేయాలో పాపకు తెలుస్తుంది.

"ఎప్పుడూ అదే కథ చదువుతుంది, కంఠతా వచ్చేసింది" అని దిగులుపడుతున్నారా? చదవనివ్వండి. అమెరికా విద్యా మనోవిజ్ఞాన పరిశోధకుడు ఎస్. జే శామ్యూల్స్ 1979లో సరిగ్గా ఈ పద్ధతి గురించే రాశారు. చిన్న భాగాన్ని పిల్లలు తడుముకోకుండా చదివేదాకా మళ్లీ మళ్లీ చదివించారు. తర్వాత ఇచ్చిన కొత్త భాగాలకు అన్నిసార్లు చదవాల్సిన అవసరం రాలేదు. తెలిసిన కథలో పిల్లలకు తడబాటు తక్కువ, "నేను చదవగలను" అన్న ధైర్యం ఎక్కువ. కాకపోతే వేలు అక్షరాల వెంటే నడుస్తోందా అని ఒక కంట చూస్తుండండి.

అన్నతోనో, పక్కింటి పిల్లలతోనో మాత్రం పోల్చకండి. ఎన్నాళ్లు సాధన చేసినా అవే అక్షరాల దగ్గర ఆగిపోతుంటే చూపు, వినికిడి పరీక్ష చేయించండి. టీచర్‌తో మాట్లాడండి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉంటే, దానికి తగ్గట్టు నేర్పే పద్ధతులున్నాయి.

[పాప ఆవులిస్తుంది.]

పది నిమిషాలైంది, చాలు. పుస్తకం మీరు తీసుకోండి. మిగిలిన కథ మీరే చదివి వినిపించండి, పులి గొంతుతో సహా.