వేలి మీద నీటి బుడగ: డాక్టర్ గారితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. చేతివేళ్ళ మీద, కాలివేళ్ళ మీద వచ్చే నీటి బుడగల గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. చేతి ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండి.

కాలర్ (గుంటూరు): నమస్కారం సార్. మా అబ్బాయికి 26 ఏళ్ళు. అరచేతిలో, ఉంగరం వేలు మొదట్లో శనగ గింజంత గట్టిగా ఒకటి తగులుతోంది. బైక్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే నొప్పంటున్నాడు. క్యాన్సరేమోనని ఇంట్లో అందరం టెన్షన్ పడుతున్నాం.

డాక్టర్: వేలు ముడిచినా చాపినా ఆ గింజ ఉన్నచోటే ఉంటోందా?

కాలర్: ఉన్నచోటే ఉంటోంది సార్.

డాక్టర్: అయితే కంగారు పడకండి. వేలిని ముడిచే టెండన్‌కి, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి దానికి, గొట్టంలాంటి తొడుగు ఉంటుంది. ఆ తొడుగు మీద వచ్చే చిన్న నీటి తిత్తి అయ్యుంటుంది, గ్యాంగ్లియన్ అంటాం. అది క్యాన్సర్ కాదు. చాలామందికి దానంతటదే పోతుంది. పోకపోతే ఆసుపత్రిలో సూదితో తీస్తారు. ఒకసారి డాక్టర్‌కి చూపించి తేల్చుకోండి. ఇంట్లో మాత్రం గుచ్చకండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాత కోరుట్ల నుంచి.

కాలర్ (కోరుట్ల): హలో... హలో సారూ, వినబడుతోందా?

యాంకర్: వినబడుతోందమ్మా. టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్: తగ్గించాను సారూ. నాకు 58 ఏండ్లు. 30 ఏండ్లు బీడీలు చేశాను. కుడిచేతి చూపుడు వేలికి, గోరు పైన ఒక బుడగ వచ్చింది. రెండేండ్లయింది. మొదట గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగాను. తగ్గలేదు. మా ఆడబిడ్డేమో పులిపిరి అన్నది, గుర్రం వెంట్రుక కట్టమన్నది. అదీ కట్టాను. వెంట్రుక ఊడిపోయింది గానీ బుడగ పోలేదు. ఆ తర్వాత మా కోడలు వాళ్ళ ఊళ్ళో ఎవరో...

డాక్టర్: అమ్మా, ఒక్క నిమిషం. దాన్ని ఎప్పుడైనా గుచ్చారా?

కాలర్: ఒక్కసారి సారూ. బట్టలు కుట్టే సూది కాల్చి గుచ్చాను. నీళ్ళు కాదు, చీమూ కాదు. సగ్గుబియ్యం జావ ఉంటుంది చూడండి, అట్లా జిగురుగా వచ్చింది. పదిహేను రోజులకు మళ్ళీ నిండింది. అందుకే అడుగుతున్నా, డాక్టర్ దగ్గర సూదితో తీయిస్తే పోతుందా?

డాక్టర్: చెప్తాను. ముందు ఆ సూది సంగతి. ఇక జన్మలో గుచ్చకండి. ఆ జిగురు చర్మంలో పుట్టింది కాదమ్మా, వేలి చివరి కీలులోంచి వస్తోంది. బుడగకీ కీలుకీ మధ్య సన్నని దారి ఉంటుంది. మీరు గుచ్చింది బుడగనే కావచ్చు, క్రిములు మాత్రం ఆ దారిన కీలు దాకా పోగలవు. కీలు చీము పడితే వేలు బిగుసుకుపోతుంది. మీకు షుగర్ ఉందా?

కాలర్: ఉంది సారూ. మాత్రలు వేసుకుంటున్నా.

డాక్టర్: చూశారా! షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం. సరే, ఇప్పుడు ఆ గోరు చూసి చెప్పండి. గోరు మీద పొడుగ్గా గాడి పడిందా?

కాలర్: పడింది సారూ! మొదటి నుంచి కొస దాకా, నాగలి చాలు లెక్క. అది వేరే రోగమనుకున్నాను.

డాక్టర్: వేరేది కాదు. గోరు పుట్టే చోటును బుడగ నొక్కుతోంది, అందుకే గాడి. వేళ్ళ చివరి కణుపుల దగ్గర రెండు పక్కలా గట్టిగా ఎముకలా లేచిందా?

కాలర్: మూడు వేళ్ళకు ఉన్నాయి. పొద్దున లేవగానే వేళ్ళు పట్టేసినట్టుంటాయి. బీడీలు చేసీ చేసీ వచ్చిందా సారూ ఇది?

డాక్టర్: బీడీల వల్లే వచ్చిందని నేను చెప్పలేను. మీ అమ్మగారి వేళ్ళు ఎలా ఉండేవి?

కాలర్: ఇట్లాగే, వంకర్లు పోయి ఉండేవి.

డాక్టర్: అదీ సంగతి. ఇది కీళ్ళ అరుగుదల. కుటుంబాల్లో వస్తుంటుంది, నలభై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువ. కణుపు దగ్గర ఆ ఎముక బుడిపెల్ని హెబర్డెన్ నోడ్స్ అంటాం. లోపల ఎముక ముల్లులా పెరిగి కీలు పొరను రాపిడి చేస్తుంది, ఆ జిగురు అక్కడి నుంచే బయటికి తన్నుకొస్తుంది. ఇంట్లో టార్చి ఉన్న ఫోన్ ఉందా?

కాలర్: మనవడిది ఉంది.

డాక్టర్: గదిలో లైటు ఆర్పి, ఆ టార్చిని బుడగకి ఒక పక్కన ఆనించండి.

(కాసేపు నిశ్శబ్దం, ఎవరో పిల్లవాడి గొంతు)

కాలర్: సారూ... బుడగంతా వెలుగు పాకింది. దీపం ముందు పెట్టిన ద్రాక్షపండు లెక్క!

డాక్టర్: బాగుంది. అంటే లోపల నీరే ఉండి ఉంటుంది. గట్టి కణితి అయితే సాధారణంగా అలా వెలగదు. అయినా టార్చి ఒక్కటే చూసి తేల్చకూడదు. జగిత్యాల పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టర్‌కి చూపించి, వేలికి ఎక్స్‌రే తీయించండి. ముల్లు ఉందో లేదో అందులో తెలుస్తుంది.

కాలర్: సరే సారూ. మరి సూదితో తీయిస్తే పోతుందా?

డాక్టర్: అమ్మా, మళ్ళీ సూదే! వినండి. ఆసుపత్రిలో శుభ్రంగా సూదితో తీస్తారు, ఒక్కోసారి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు. కొందరికి తగ్గుతుంది, చాలామందికి మళ్ళీ నిండుతుంది. ఊట ఆపకుండా బావి తోడినట్టు. ఆపరేషన్‌లో బుడగతో పాటు ఆ దారినీ, ఎముక ముల్లునీ తీసేస్తాం. అప్పుడు మళ్ళీ రావడం బాగా తక్కువ. వేలి వరకే మత్తు, అదే రోజు ఇంటికి. కానీ వేలు కొంచెం బిగుసుకోవచ్చు, పుండు మానడానికి షుగర్ అదుపులో ఉండాలి. మీకు నొప్పి ఉందా?

కాలర్: నొప్పి లేదు. చూడ్డానికే బాగుండదు, నలుగురూ అడుగుతారు.

డాక్టర్: నొప్పి లేకపోతే, చర్మం పల్చబడకపోతే అలాగే వదిలేయవచ్చు. తప్పేం లేదు. కొన్ని వాటంతటవే తగ్గుతాయి కూడా. చర్మం పల్చబడి మెరుస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి. బుడగ పోతే గోరు కూడా సరవుతుంది, నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలు ఓపిక పట్టాలి. భయపడకండి తల్లీ, ఇది ప్రాణం మీదికి వచ్చేది కాదు.

కాలర్: సల్లగుండు సారూ. ఇక గుచ్చను.

యాంకర్: తర్వాత తిరుపతి నుంచి. చెప్పండి.

కాలర్ (తిరుపతి): సార్, నాకు కాలి రెండో వేలి మీద ఇలాంటిదే. పోయినేడాది తీయించుకున్నాను. మళ్ళీ వచ్చింది. చెప్పు రాసుకుంటోంది.

డాక్టర్: కాలివేళ్ళ మీద మళ్ళీ రావడం ఎక్కువేనండి. అప్పుడు ఎక్స్‌రే తీశారా?

కాలర్: లేదు సార్.

డాక్టర్: ఈసారి ముందు అది తీయించండి. ముల్లు మిగిలిపోయి ఉండొచ్చు. అప్పటిదాకా ముందు భాగం వెడల్పుగా ఉన్న చెప్పులు వేసుకోండి. గుచ్చకండి, గిల్లకండి.

యాంకర్: హైదరాబాద్ నుంచి మరో కాల్. త్వరగా అడగండమ్మా.

కాలర్ (హైదరాబాద్): డాక్టర్ గారూ, నాకు బుడగేమీ కనిపించదు. బొటనవేలి గోరు కింద ఒక్కచోటే నొప్పి. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. మూడేళ్ళుగా ఇంతే. ఏమీ లేదు, మనసులో పెట్టుకోకు అంటున్నారు.

డాక్టర్: మనసులో కాదమ్మా, గోరు కిందే ఉండి ఉంటుంది. ఇది నీటి బుడగ కాదు. గ్లోమస్ ట్యూమర్ అనే చిన్న గడ్డ కావచ్చు. పేరు విని భయపడకండి, దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఒక్క పాయింట్‌లో నొప్పి, చల్లదనానికి నొప్పి, ఈ రెండూ దాని లక్షణాలే. చేతి ఆపరేషన్లు చేసే డాక్టర్‌కి చూపించండి. ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. పూర్తిగా తీసేస్తే ఆ నొప్పి పోతుంది.

కాలర్: (గద్గదంగా) థాంక్యూ సార్. మొదటిసారి ఒకరు...

యాంకర్: థాంక్యూ అమ్మా. చివరి కాల్, నెల్లూరు నుంచి.

కాలర్ (నెల్లూరు): సార్, మా ఆవిడ వేలి మీద బుడగ నిన్న దానంతటదే పగిలింది. జిగురు కారుతానే ఉంది. ఈ పొద్దు వేలంతా ఎర్రగా వాచింది.

డాక్టర్: కీలు కదిలిస్తే నొప్పా? వేడిగా ఉందా?

కాలర్: ముట్టుకోనివ్వడం లేదు సార్. రేపు చూపిద్దామని...

డాక్టర్: రేపు కాదు, ఇప్పుడే తీసుకెళ్ళండి.

యాంకర్: డాక్టర్ గారూ, మన టైం...

డాక్టర్: ఒక్క నిమిషం, ఆయన్ని లైన్లో ఉండనివ్వండి. బాబూ, దాని మీద ఏం పెట్టారు?

కాలర్: పసుపు, కొబ్బరినూనె.

డాక్టర్: సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగేయండి. శుభ్రమైన పొడి గుడ్డ వదులుగా చుట్టండి. ఇంకేమీ రాయకండి, పిండకండి. ఆ వేలికి ఉంగరం ఉందా?

కాలర్: ఉంది సార్, పెళ్ళి ఉంగరం.

డాక్టర్: ముందు అది తీయండి, వాపు పెరిగితే ఇక రాదు. తీసి, వెంటనే బయల్దేరండి.