ఎండిపోయే చెరువులో మాయజీవి

సభకు నమస్కారం.

కాల్పనిక లోకాల్లో కనిపించే సరస్సు జీవుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నల్లగొండ, పాలమూరు కథకుడు ఒక మాయజీవిని సృష్టించాలనుకుంటే, దానికి ఎన్ని తలలుండాలో తేల్చుకునే ముందు అది ఎండాకాలం ఎలా గడుపుతుందో తేల్చుకోవాలి.

స్కాట్లండులోని లాక్ నెస్ సుమారు 37 కిలోమీటర్ల పొడవు, 230 మీటర్ల లోతు ఉన్న సరస్సు. పీటు నేలల మీదుగా వచ్చే నీరు కావడంతో కొద్ది మీటర్ల కిందే చీకటి మొదలవుతుంది. 1933లో పత్రికలకెక్కిన అక్కడి జంతువు ఇప్పటికీ జనం ఊహల్లో బతుకుతున్నదంటే, అది దాక్కోవడానికి అంత లోతూ అంత చీకటీ ఉండటమే కారణం. మన చెరువుకు ఆ వసతి లేదు. వానలు తక్కువైన ఏడు వైశాఖం నాటికి శిఖంలో, అంటే చెరువు అడుగు నేలలో, మేకలు మేస్తాయి, పిల్లలు వికెట్లు పాతుతారు. అక్కడ కొండంత జంతువును దాచిపెట్టానని రాస్తే, మేకల కాపరే మన కథను నమ్మడు.

మన శిల్పులకు మకరం తెలుసు. మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక కలిపి చెక్కిన ఆ జీవి గుడి తోరణాల మీదా, అభిషేక జలం బయటికి వచ్చే ప్రణాళం చివరా కనిపిస్తుంది. అయితే మకరం గంగకూ వరుణుడికీ వాహనం, అంటే నీరు తరగని చోట్ల పుట్టిన ఊహ. దానిని ఊరి చెరువుకు తెచ్చుకోవాలంటే ఒళ్లు తగ్గించాలి, నిద్ర నేర్పాలి.

ఆ నిద్ర నేర్పే గురువులు మన బురదలోనే ఉన్నారు. కొర్రమట్ట నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే నీరు ఇంకిన గుంటలో తడి బురదను పట్టుకొని కొంతకాలం బతుకుతుంది. చెరువు నత్త గుల్ల మూతి మీద మూత బిగించుకొని తేమ పోకుండా ఒదిగి ఉంటుంది. ఒక జాతి చెరువు తాబేలు బురదలో పూడుకొని వానల దాకా కదలదు. కృష్ణలో, జూరాల చుట్టుపక్కల కనిపించే మగ్గర్ మొసళ్ల జాతి కూడా ఎండను తప్పించుకోవడానికి ఒడ్డున బొరియలు తవ్వుకునేదే. ఇన్ని ఉపాయాలు కళ్లెదుట ఉండగా పరాయి మంచు సరస్సుల డ్రాగన్లను అరువు తెచ్చుకోవడం నాకు బద్ధకంగానే తోస్తుంది.

నేను ఊహించుకున్న లోకంలో చెరువు మకరం దున్నపోతు దూడంత ఉంటుంది. చెరువు నిండినప్పుడు అది తాగిన నీటిని ఒంట్లో దాచుకొని బురదలో పడుకుంటుంది. కరువు ఏడు లేపితే ఆ నీటితో ఒక్కసారి చెరువు నింపగలదు, కానీ నింపిన తరువాత ఆ ఊరినీ మనుషులనూ పూర్తిగా మరిచిపోతుంది. లేపే మాట చెరువు నీటిని పొలాలకు పంచే ఊరి నీరటికి మాత్రమే తెలుసు. మాయకు ఇటువంటి ఖరీదు లేకపోతే అది ఉచిత మంచినీటి ట్యాంకరు అవుతుంది తప్ప కథ కాదు. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు మత్తడి దుంకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. మకరం ఆ ఉరవడిలో దిగువకు కొట్టుకుపోతే, అది ఎవరిదన్న తగాదా రెండూళ్ల మధ్య పుడుతుంది. తొలి వరదకు చేపలు ఎదురెక్కినట్టు అది తిరిగి ఎక్కి రాగలదా అన్నది కథకుడు ముందే నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నల్లగొండ కథ అనగానే ఆ జీవి చేత ఇక్కడి నీటిలో ఉండి ఎముకలను వంచేసే ఫ్లోరైడును మాయం చేయించాలన్న ఆశ కలుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఈ జిల్లాలో వంగిపోయిన ఎముకలతో బతికినవాళ్లు నిజమైన మనుషులు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి లోకమంతటా నల్లగొండ పేరే ఉంది. అంతటి దుఃఖాన్ని తోక విసురుతో తీర్చేస్తే చదివేవారికి కోపం రావాలి.

దానికన్నా మంచి కథావస్తువు పూడికమట్టిలో ఉంది. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో జేసీబీలు దిగాయి, నల్లటి ఒండ్రును రైతులు ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. నిద్రలో ఉన్న మకరం ఆ ట్రాలీలో పడి ఒక పత్తి చేనుకు చేరిందనుకోండి. వాన పడితే అది చెరువులో కాక చేనులో లేస్తుంది. ఆ రైతు దానిని ఊరికి అప్పగిస్తాడా, బోరు ఎండిన తన చెలకలో దాచుకుంటాడా?

చివరగా పానగల్లు ఉదయసముద్రం సంగతి. కందూరు చోడుల కాలం నాటి ఈ చెరువుకు ఇప్పుడు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ ద్వారా కృష్ణా నీరు వస్తుంది, పట్టణం తాగునీటికి అది ఆధారం. మా వంటి మనుషులకు అది వరమే. మరి ప్రతి వేసవి నిద్రపోవడానికి అలవాటుపడిన జీవి, చెరువు ఎండక, నిద్ర పట్టక ఏమవుతుంది? ఈ కథను ఇంకా రాస్తున్నాను. ఇప్పటికి రాసినంతలో అది చెరువును కాచే దేవత కట్ట మైసమ్మ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది, మైసమ్మ నీటిపారుదల శాఖను అడగమన్నది.