రెండో సాక్సు ఏదీ? (చలికాలంలో తల్లిదండ్రుల కోసం ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. చలి మొదలైంది. పొద్దున్నే దుప్పటి లాగితే పిల్లలు అరుస్తారు, లాగకపోతే బస్సు వెళ్ళిపోతుంది. ఇవాళ మనతో పిల్లల డాక్టరు గారు ఉన్నారు. ఇంట్లో ఆవిడకీ ఇద్దరు పిల్లలు. నమస్తే డాక్టర్ గారూ, మీ ఇంట్లో ఇవాళ ఎలా తెల్లారింది?

డాక్టర్: నిజం చెప్పాలా? చిన్నదానికి ఒక సాక్సు దొరికింది, రెండోది దొరకలేదు. వాళ్ళక్క సాక్సు తొడిగి పంపించా. మడమ దగ్గర సంచిలా వేలాడుతూనే వెళ్ళింది పాపం. కాబట్టి నేనేదో అన్నీ సర్దుకుని వచ్చి చెప్తున్నానని అనుకోకండి.

యాంకర్: మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత: హలో... హలో... వినిపిస్తోందా అండీ?

యాంకర్: వినిపిస్తోంది. మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి, రెండుసార్లు వస్తోంది.

శ్రోత: ఆఁ, తగ్గించా. మేడం, నాకిద్దరు. బాబుకి ఎనిమిది, పాపకి ఐదు. మొన్నటిదాకా ఆరున్నరకి లేపితే లేచేవాళ్ళు. ఇప్పుడు ఏడైనా కదలరు. నేను తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి. రోజూ అరుపులే. నిన్నయితే హడావిడిలో పాప స్వెట్టర్ జిప్పు సర్రున లాగా, గడ్డం కింద చర్మం పడింది. అది ఏడ్చింది, నేనూ ఏడ్చా. బస్సు వెళ్ళిపోయింది.

డాక్టర్: అయ్యో. ఇప్పుడెలా ఉంది?

శ్రోత: చిన్న గీత పడిందంతే. దానికి తగ్గిపోయింది, నాకే తగ్గలేదు.

డాక్టర్: రాత్రి ఎన్నింటికి పడుకుంటారమ్మా పిల్లలు?

శ్రోత: పది... ఒక్కోసారి పదిన్నర. నేను ఇంటికొచ్చేసరికే ఏడున్నర అవుతుంది మేడం. హోంవర్కు, తిండి, ఆ కాసేపు నాతో కబుర్లు.

డాక్టర్: మీ తప్పని అనడం లేదు. లెక్క చూడండి. ఐదేళ్ళ పాపకి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, ఎనిమిదేళ్ళ బాబుకి 9 నుంచి 12. పదిన్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తే ఎనిమిదే. ఆ తక్కువ ముందు నుంచీ ఉంది. ఎండాకాలంలో కిటికీలోంచి వెలుతురొచ్చి లేపేసేది కాబట్టి బయటపడలేదు. ఇప్పుడు ఆరున్నరకి చీకటిగా ఉంటే, ఒంట్లో గడియారం 'ఇంకా రాత్రే' అంటుంది. దానికి వెలుగే సిగ్నల్.

యాంకర్: డిసెంబర్ దాటితే మళ్ళీ పగలు పెరుగుతుంది కదండీ?

డాక్టర్: పెరుగుతుంది, కానీ సాయంత్రం వైపు. ఉత్తరార్ధగోళంలో అన్నిటికంటే చిన్న పగలు డిసెంబర్ 21 లేదా 22. అయినా సూర్యుడు ఉదయించే టైం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అందుకే జనవరి మొదట్లో సెలవులయ్యాక స్కూలికి లేపడం ఇంకా కష్టం. పిల్లలకి బద్ధకం ఎక్కువైందనుకుంటాం కానీ, అది కాదు.

శ్రోత: మరి ఏం చెయ్యమంటారు?

డాక్టర్: లేపాల్సిన టైంకి పది నిమిషాల ముందే గదిలో లైటు వేసేయండి. మాట్లాడకండి, దుప్పటి లాగకండి. లైటు వేసి మీ పనికి మీరు వెళ్ళిపోండి. సగం మెలకువ దానికదే వస్తుంది. పడుకునే టైం ఒక్కరోజులో గంట ముందుకి జరపాలనుకుంటే మాత్రం యుద్ధమే. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరపండి. పడుకునే ముందు గంట ఫోన్లూ టీవీ బంద్, ఇంట్లో లైట్లు కొంచెం డిమ్ము.

శ్రోత: లేచాక బట్టల దగ్గర ఇంకో గొడవ మేడం. చల్లగా ఉన్నాయంటారు.

డాక్టర్: చల్లగానే ఉంటాయి కదమ్మా! బీరువాలోంచి తీసిన చొక్కా ఒంటికి తగిలితే మనకే ఒళ్ళు జలదరిస్తుంది. నేనేం చేస్తానంటే, రాత్రే ఒక్కొక్కళ్ళకి ఒక్కో కుర్చీ మీద బట్టలు పెడతాను, వేసుకునే వరసలో. అన్నిటికంటే పైన లోపలి బనియను, అన్నిటికంటే కింద స్వెట్టర్. సాక్సులు షూలోనే దూర్చేస్తా.

యాంకర్: ఇవాళ దూర్చలేదన్నమాట.

డాక్టర్: నిన్న రాత్రి ఓపిక లేక వదిలేశా, పొద్దున్న అనుభవించా. సరే... లైటు వేసేటప్పుడు ఆ బనియను, చొక్కా తీసి పిల్లల దుప్పటి కిందకి తోసేయండి. పది నిమిషాల్లో వాళ్ళ ఒంటి వేడికే వెచ్చబడతాయి. దుప్పట్లోనే తొడుక్కోమనండి, అదొక ఆటలా ఉంటుంది. ఇక జిప్పు. కింద కొక్కెం మీరు పెట్టండి, పైకి లాగడం పాపని లాగమనండి. మీరే లాగాల్సొస్తే ఎడమచేతి చూపుడువేలు జిప్పుకీ గడ్డానికీ మధ్య పెట్టి లాగండి. పడితే మీ వేలే పడుతుంది.

శ్రోత: సరే మేడం. థాంక్సండీ. ఇవాళ రాత్రి నుంచే మొదలుపెడతా.

యాంకర్: ఇంకో కాల్. హలో, చెప్పండి సార్.

రెండో శ్రోత: నమస్తే మేడం. మా బాబుకి మూడేళ్ళు. ఈ మధ్యే ప్లేస్కూల్లో వేశాం. అప్పటి నుంచీ ముక్కు ఆరితే ఒట్టు. వారం తగ్గుతుంది, మళ్ళీ మొదలు. ఇప్పుడు చీమిడి పచ్చగా వస్తోంది. నాకు సెలవులన్నీ అయిపోయాయి. కాస్త స్ట్రాంగ్‌గా ఏదైనా యాంటీబయాటిక్ చెప్తే...

డాక్టర్: మీ టెన్షన్ నాకర్థమైంది. జ్వరం ఉందా? తింటున్నాడా, ఆడుతున్నాడా?

రెండో శ్రోత: జ్వరం లేదు. ఆట సంగతి అడక్కండి, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

డాక్టర్: అయితే యాంటీబయాటిక్ వద్దు. జలుబు తెప్పించే వైరస్‌లు 200కి పైనే ఉన్నాయి. ఒకదాన్ని గెలిచేలోపు ప్లేస్కూల్లో పక్కవాడు ఇంకోటి ఇస్తాడు. చిన్నపిల్లలకి ఏడాదికి ఎనిమిది, పది జలుబులు రావడం మామూలే, అందులో ఎక్కువ భాగం ఈ నెలల్లోనే. ఒక్కోటి వారం పది రోజులు ఉంటుంది, దగ్గయితే రెండు మూడు వారాలు లాగుతుంది. లెక్కేస్తే చలికాలమంతా ముక్కు కారుతున్నట్టే కదా! యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు. చీమిడి పచ్చబడడం కూడా జలుబులో మామూలు దశే. రంగు చూసి మందు మార్చకండి.

రెండో శ్రోత: మా పెద్దాడికి పోయినేడు ఇచ్చిన సిరప్ సగం ఉంది ఫ్రిజ్‌లో...

డాక్టర్: ఈ కాల్ అవగానే పారేయండి. ఒకరి కోసం రాసిన మందు ఇంకొకరికి పొయ్యకూడదు. ఆస్పిరిన్ ఉన్నవేవీ పిల్లలకి అసలే వద్దు. షాపులో అడిగి తెచ్చే దగ్గు, జలుబు సిరప్‌లు ఈ వయసుకి మంచి కంటే చెడే ఎక్కువ చేస్తాయి. ముక్కు బిగుసుకుంటే ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్ డ్రాప్స్, చాలు. రాత్రి దగ్గుకి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు.

రెండో శ్రోత: జ్వరం వస్తే?

డాక్టర్: వచ్చి, పిల్లాడు డీలా పడితే పారాసిటమాల్. వయసుని బట్టి కాదు, బరువుని బట్టి మీ డాక్టర్ రాసిన డోసు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజు మొత్తం మీద నాలుగుసార్లకి మించకుండా. ఇప్పుడొకటి చెప్తా, రాసుకోండి. మందు కంటే ఇది ముఖ్యం. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్టా ఛాతీ చూడండి. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టుకుని ఊపిరి ఎన్నిసార్లు తీసుకున్నాడో లెక్కపెట్టండి. నిమిషం పూర్తిగా, సగం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యొద్దు. ఏడాది నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లలకి నిమిషానికి 40 గానీ అంతకు మించి గానీ ఉంటే, లేదా ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడుతుంటే, అది జలుబు కాదు. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

రెండో శ్రోత: 40... రాసుకున్నా. మరి స్కూలికి పంపొచ్చా?

డాక్టర్: మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, తిని ఆడుతుంటే పంపండి. ముక్కు కారినన్ని రోజులూ ఆపాలంటే మీ ఉద్యోగం ఉండదు. ఇంటికొచ్చిన వెంటనే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించండి. వాడికే కాదు, మీరూ.

యాంకర్: ఇంకో కాల్. నమస్కారమండీ.

మూడో శ్రోత: నేను బాబూ, నాయనమ్మని. డాక్టరమ్మతో మాట్లాడాలి. తల్లీ, నా మనవరాలికి ఐదో నెల. కోడలు ఉద్యోగానికెళ్తే పగలంతా నేనే చూస్తా. నేను టోపీ పెడతా, కోడలొచ్చి తీసేస్తుంది. నేను రెండు దుప్పట్లు కప్పుతా, అదొచ్చి లాగేస్తుంది. ముగ్గుర్ని పెంచానమ్మా నేను!

డాక్టర్: మీరు పగలంతా చూసుకోబట్టే కదండీ ఆవిడ నిశ్చింతగా వెళ్ళొస్తోంది. పాపకి చలి వేస్తోందని ఎలా చూస్తారు మీరు?

మూడో శ్రోత: చేతులు ముట్టుకుంటే మంచుగడ్డల్లా ఉంటాయి.

డాక్టర్: అక్కడే మోసపోతాం. ఆ వయసులో చేతులూ కాళ్ళూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేళ్ళు పెట్టి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టే. చెమట పట్టిందంటే ఎక్కువ చుట్టేశారని. మీరు ఎన్ని వేసుకున్నారో దానికంటే ఒక్క పొర ఎక్కువ వేయండి, చాలు. బయటికి తీసుకెళ్తే టోపీ పెట్టండి. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు తీసేయండి, పిల్లల ఒంటి వేడి ఎక్కువగా తల నుంచే బయటికి పోవాలి. ఏడాది లోపు పిల్లలకి వదులుగా కప్పే దుప్పట్లు, దిళ్ళు వద్దు. మొహం మీదకి జరిగితే తీసుకోలేరు. ఒంటికి పట్టి ఉండే వెచ్చటి బట్టలే వేసి, వెల్లకిలా పడుకోబెట్టండి.

మూడో శ్రోత: అంటే కోడలే కరెక్టంటావు.

డాక్టర్: బయట టోపీ విషయంలో మీరు కరెక్టు.

మూడో శ్రోత: దగ్గొస్తే ఇందాక ఆ అబ్బాయికి చెప్పినట్టు తేనె నాకించనా?

డాక్టర్: వద్దండీ, వద్దు! మంచి ప్రశ్న అడిగారు. ఏడాది నిండేదాకా చుక్క తేనె కూడా వద్దు. దాన్లో ఒక్కోసారి ఉండే బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది. బొట్యులిజం అంటారు. మూడు నెలల లోపు పాపాయికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా అంతే, ఇంట్లో చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి. మీ మనవరాలు ఆ వయసు దాటింది, కానీ ఎవరైనా వింటుంటారని చెప్తున్నా. మీ కోడలు గారు వింటున్నారా ఇప్పుడు?

మూడో శ్రోత: వినదు. ఆఫీసులో ఉంటుంది.

డాక్టర్: అయితే సాయంత్రం రాగానే మీరే కనిపెట్టినట్టు చెప్పండి, మెడ వెనక చూడాలని.

మూడో శ్రోత: (నవ్వుతూ) అలాగే చెప్తా తల్లీ.

యాంకర్: ఇంకొకరు లైన్లో ఉన్నారు. హలో?

నాలుగో శ్రోత: మేడం, రూమ్ హీటర్ రాత్రంతా ఆన్‌లో పెట్టి... తలుపులన్నీ... హలో...

యాంకర్: కట్ అయింది. మీకు అర్థమైందనుకుంటా.

డాక్టర్: అయింది. గది వెచ్చబడేదాకా వేసి, పడుకునే ముందు ఆపేయండి. పరుపుకీ కర్టెన్లకీ కనీసం మీటరు దూరం. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి, నేరుగా గోడ ప్లగ్గుకే. బొగ్గులో, గ్యాసుతో మండేదో పెట్టి తలుపులేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే పోతారు.

యాంకర్: ఆవిరి పట్టించొచ్చా అని చాలా మెసేజ్‌లు వచ్చాయి.

డాక్టర్: వేడినీళ్ళ గిన్నె దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టకండి. దానివల్ల పెద్ద లాభం లేదు, గిన్నె ఒలికి కాలిన పిల్లల్ని మాత్రం చూశాను. తర్వాత?

యాంకర్: చివరి కాల్. హలో, గట్టిగా మాట్లాడండి సార్.

ఐదో శ్రోత: గట్టిగా మాట్లాడలేనండీ, పాప వెనక సీట్లో నిద్రపోతోంది. ఇంటి బయటే కారు ఆపి మాట్లాడుతున్నా. పాపని నేనొక్కణ్ణే చూసుకుంటా. నాలుగేళ్ళు. దాని గురించి కాదండీ... నాకే రెండు రోజుల నుంచి జ్వరం. నేను పడిపోతే ఎలాగా అని.

డాక్టర్: ఆయాసం, ఛాతీలో నొప్పి లాంటివి ఉన్నాయా?

ఐదో శ్రోత: లేవు. ఒళ్ళునొప్పులు, చలి.

డాక్టర్: రేపటికీ తగ్గకపోతే చూపించుకోండి. వీలైతే ఇంట్లో మాస్కు పెట్టుకోండి. తగ్గాక ఇద్దరూ ఫ్లూ టీకా వేయించుకోండి. ఆరు నెలలు నిండిన ఎవరికైనా ఏటా వేస్తారు, పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది. పాపకి ఇదే మొదటిసారైతే నెల తేడాతో రెండు డోసులు. అది రేపటి సంగతి. ఇవాళ రాత్రి ఏం పనులున్నాయి?

ఐదో శ్రోత: వంట, గిన్నెలు, రేపటి బట్టలు ఉతకాలి, ఆఫీసు మెయిల్ ఒకటి...

డాక్టర్: నిన్నటి బట్టలే వేసి పంపండి. గిన్నెలు సింకులో ఉండనివ్వండి. మెయిల్‌కి 'ఒంట్లో బాలేదు' అని ఒక్క లైను. పాపకి ఏదో ఒకటి పెట్టి, ఎనిమిదికి ఇద్దరూ పడుకోండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఐదో శ్రోత: ...పక్కింటాయన ఉన్నారు. ఎప్పుడూ అడగలేదు.

డాక్టర్: ఇవాళ అడగండి. జ్వరం ముదిరాక అడగడం కష్టం. పాప తినేవి, పడేవీ పడనివీ, డాక్టర్ నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఇంకోటి... పాప లావుపాటి జాకెట్ మీదే సీటు బెల్టు పెట్టారా?

ఐదో శ్రోత: అవునండీ. చలిగా ఉందని.

డాక్టర్: ఈసారి జాకెట్ విప్పి, బెల్టు పెట్టి, దాని పైన కప్పండి. లోపల దూదిలా ఉంటే బెల్టు బిగుసుకున్నట్టు కనిపిస్తుంది కానీ, సడెన్ బ్రేకు పడితే వదులైపోతుంది.

ఐదో శ్రోత: సరేనండీ... (వెనక నుంచి చిన్న గొంతు: నాన్నా, ఇంటికొచ్చేశామా?) వచ్చేశాం తల్లీ. లేచిందండీ, ఉంటాను.

యాంకర్: ఉంటానండీ. జాగ్రత్త... లైన్ పెట్టేశారు.