రెండు చెరలు

అందరికీ నమస్కారం.

డాలస్‌లో ఉన్న మనకు గ్రోస్‌బెక్ పెద్ద దూరమేమీ కాదు. పొద్దున్నే కారు తీస్తే రెండు గంటల్లో ఉంటాం. ఆ ఊరి పక్కనే, దుంగలు నిలువునా పాతి గోడగా కట్టిన పార్కర్ కోట ఉంది. అసలు కోట ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది దాని నమూనాలో మళ్ళీ కట్టినది. 1836 మే 19న అక్కడినుంచి తొమ్మిదేళ్ళ పిల్లని ఎత్తుకుపోయారు. ఈ సాయంత్రం ఆ పిల్ల గురించి మాట్లాడతాను.

పేరు సింథియా ఆన్ పార్కర్. వాళ్ళవాళ్ళు ఇల్లినాయ్ నుంచి భూముల కోసం టెక్సస్ వచ్చారు. ఆ రోజు పొద్దున మగవాళ్ళలో చాలామంది పొలాల్లో ఉన్నారు. ఆ మైదానాల్లో గుర్రాల మీద తిరిగే కొమాంచీలు అనే ఆదివాసీ తెగవాళ్ళు, వాళ్ళతో కలిసి వచ్చిన వేరే తెగలవాళ్ళు కోట మీద పడ్డారు. ఐదుగురు మగవాళ్ళు చనిపోయారు. అందులో సింథియా తండ్రి సైలస్ ఉన్నాడు, తాత జాన్ ఉన్నాడు. సింథియానీ, ఆమె తమ్ముడినీ, బంధువు రేచల్ ప్లమర్‌నీ, రేచల్ పసికొడుకునీ, ఎలిజబెత్ కెల్లాగ్ అనే మరో స్త్రీనీ పట్టుకుపోయారు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఈ కథలో కొమాంచీలను మెత్తగా చూపించాలని నాకు లేదు. రేచల్ అప్పటికి గర్భిణి. చెరలోనే బిడ్డను కన్నది, ఆ బిడ్డను చంపేశారు. దాదాపు ఇరవై ఒక్క నెలలు వెట్టిచాకిరీ చేసి, డబ్బిచ్చి విడిపిస్తే బయటపడింది. తను పడ్డదంతా పుస్తకంగా రాసి, ఏడాది తిరక్కుండానే 1839లో చనిపోయింది. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో.

చిన్నపిల్లల సంగతి వేరుగా ఉండేది. మశూచి లాంటి రోగాలు కొమాంచీ గుడారాలను ఖాళీ చేసేశాయి. అడవిదున్న తోలు గీకి, ఆరబెట్టి, మెత్తగా చేయడానికి ఆడవాళ్ళ చేతులు ఎన్ని ఉన్నా చాలవు. వేల గుర్రాల మందలు కాయడానికి కుర్రాళ్ళు కావాలి. అందుకని తెచ్చిన పిల్లల్లో కొందరిని పెంచుకునేవాళ్ళు. పెంచుకున్నారంటే సొంతబిడ్డే, పరాయి రక్తం అన్న లెక్క లేదు. సింథియాకు నదువా అని పేరు పెట్టారు. ఆమె ఆ మాటలు నేర్చుకుంది, ఆ పనులు నేర్చుకుంది, పీటా నోకోనా అనే యోధుణ్ణి పెళ్ళాడింది. ఇద్దరు కొడుకులు, క్వానా, పీకోస్. తర్వాత ఒక కూతురు, టాప్సానా. మైదానంలో పూసిన పువ్వు అని ఆ పేరుకు అర్థం చెబుతారు.

1840లలో తెల్లవాళ్ళకు ఆమె ఒకసారి కనిపించింది. సరుకులిస్తాం, పిల్లను ఇచ్చేయండి అని అడిగారు. కొమాంచీలు ఒప్పుకోలేదు, ఆమె కూడా రానంది. ప్రభుత్వ ప్రతినిధులు పైవాళ్ళకు అదే రాసి పంపారు. అంటే, రావడం ఆమెకు ఇష్టం లేదని అప్పుడే తెలుసు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

1860 డిసెంబర్. పీజ్ నది దగ్గర ఒక కొమాంచీ విడిది మీద సల్ రాస్ నాయకత్వంలో టెక్సస్ రేంజర్లు అనే సరిహద్దు కాపలా దళం, సైనికులు దాడి చేశారు. విడిదిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒకావిడ చంటిబిడ్డను ఎత్తుకుని గుర్రం మీద పారిపోతుంటే పట్టుకున్నారు. దగ్గరగా చూస్తే నీలి కళ్ళు. పీటా నోకోనాను ఆ రోజు తానే చంపానని రాస్ చెప్పుకున్నాడు. మా నాన్న ఆ రోజు అక్కడ లేడు, తర్వాత చనిపోయాడు అని క్వానా అన్నాడు.

పెదనాన్న ఐజక్ పార్కర్ వచ్చి చూశాడు. ఆమెకు ఇంగ్లీషు పోయింది. తొమ్మిదేళ్ళ పిల్లకు భాష పూర్తిగా వచ్చేసి ఉంటుంది కదా, ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న మనకు ఆ వయసు బాగా తెలుసు. అంత వచ్చిన భాష పోయింది. సింథియా ఆన్ అన్న పేరు వినగానే మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని అది తన పేరేనని చెప్పిందని అప్పటివాళ్ళు రాశారు.

ఆ తర్వాత తీసిన ఒక ఫొటో ఉంది. దాన్ని నేను చాలాసార్లు చూశాను. ముదురు రంగు గౌను, వెడల్పాటి దవడలు, కెమెరా వైపు నేరుగా చూసే కళ్ళు. చిన్నకూతురు పాలు తాగుతోంది. కెమెరా ముందు కూర్చున్నా, చుట్టూ కొత్తవాళ్ళున్నా, పిల్లకు ఆకలేసింది, పాలిచ్చింది, అంతే. ఇక జుట్టు చూడండి. మెడ దాకా కత్తిరించి ఉంది. అయినవాళ్ళు పోయినప్పుడు కొమాంచీ స్త్రీలు జుట్టు కోసుకునేవాళ్ళు. టెక్సస్ అంతా సింథియా ఇంటికొచ్చిందని సంతోషపడుతున్న రోజుల్లో తీసిన ఫొటో అది. ఆమె మాత్రం చావు జరిగిన ఇంటి మనిషిలా కూర్చుని ఉంది. కొడుకులు బతికి ఉన్నారో లేదో కూడా ఆమెకు తెలియదు.

1861లో టెక్సస్ శాసనసభ ఆమెకు 4,428 ఎకరాలు, ఐదేళ్ళపాటు ఏడాదికి 100 డాలర్లు మంజూరు చేసింది. వాళ్ళ మనసు మంచిదే అని నేను నమ్ముతాను. కానీ ఆమె అడిగింది భూమి కాదు, కొడుకుల దగ్గరికి పంపమని. గుర్రం దొరికితే పారిపోవాలని చూసింది, చాలాసార్లు. ప్రతిసారీ పట్టుకొచ్చారు. చరిత్ర పుస్తకాలు మొదటిదాన్ని అపహరణ అంటాయి, రెండోదాన్ని రక్షణ అంటాయి. రెండోది కూడా చెరే అని నేనంటాను. తల్లిని బిడ్డల నుంచి విడదీసి, వెళ్ళనివ్వకుండా కాపలా కాస్తే దానికి వేరే పేరు నాకు తెలియదు.

కొన్నేళ్ళకే టాప్సానా జబ్బు చేసి పోయింది. 1870 ప్రాంతంలో తల్లి కూడా పోయింది. కొడుకులను మళ్ళీ చూడలేదు.

పెద్దకొడుకు క్వానా యోధుడయ్యాడు. 1875లో తనవాళ్ళతో కలిసి, ఇప్పటి ఒక్లహోమాలో ఉన్న ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరంలో లొంగిపోయాడు, రిజర్వేషన్‌లో, అంటే ప్రభుత్వం ఆ తెగలకు కేటాయించిన ప్రాంతంలో, కొమాంచీలకు పెద్దదిక్కయ్యాడు. అమ్మ ఇంటిపేరు పెట్టుకుని క్వానా పార్కర్ అయ్యాడు. పైకప్పు మీద నక్షత్రాలు వేయించిన పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి గదిలో అమ్మ చిత్రపటం పక్కన నిలబడి ఆయన దిగిన ఫొటో ఉంది. ఆ పటంలో ఉన్నది బిడ్డకు పాలు పడుతున్న అమ్మే, కత్తిరించిన జుట్టుతోనే.

1910లో తల్లి అస్థికలను టెక్సస్ నుంచి ఒక్లహోమాకు తెప్పించి, తన ఇంటికి దగ్గర్లో ఉన్న శ్మశానంలో పెట్టించాడు. మరుసటి ఫిబ్రవరిలో తనూ పోయాడు. ఆమె పక్కనే పూడ్చారు. 1957లో సైన్యానికి ఆ స్థలం కావలసి వచ్చి, తల్లినీ కొడుకునీ ఫోర్ట్ సిల్‌కు తరలించారు. ఇప్పుడు అక్కడే ఉన్నారు, పక్కపక్కన.